చింతపండుతో తోమిన నాణెం

తమక అనే ఊళ్ళో నాణేలు పోగుచేసే మేం నలుగురం ఆదివారాలు కలుస్తాం. మొన్న ఒకాయన బాగా అరిగిన రాగి నాణెం తెచ్చాడు. దానికి చింతపండు వాసన ఇంకా పోలేదు.

"తోమినావా? ఉండే గుర్తు గూడా పోతాది కదప్పా," అని మా నలుగురిలో ఒకడైన మునియప్ప విసుక్కున్నాడు. కిటికీ దగ్గర వెలుగుకు ఏటవాలుగా పట్టి చూశాడు. "ఇదో, మూపురం. ఎద్దు ఉండాది. పల్లవులదే ఇంగ." వేలితో తడిమితే ఆ మూపురం నాకూ తగిలింది.

చిన్నప్పుడు కామసముద్రంలో అవ్వ చేలో నాకు అలాంటిదే దొరికింది. బంగారు గని కార్మికుల లైన్ ఇళ్ళలో ఉన్న మా ఇంటికి తెస్తే, అమ్మ చింతపండు వేసి తోమింది. అది తళతళలాడింది. బంగారమే అనుకున్నాను.

షిఫ్టు దిగి వచ్చిన నాన్న దాన్ని చూసి పాలిపోయాడు. "యాడిదిరా ఇది?"

"రాగి బిళ్ళే కదా, ఆడుకోనీ," అంది అమ్మ.

"మెరస్తా ఉండాది కదమ్మే. వాచ్‌మన్లు చూస్తే గనిలో దొంగిలించినానంటారు. రాగో బంగారమో చూసేది నా పని పోయినాకనే."

వెంటనే తీసుకెళ్ళి మురుగు కాలువలో పారేశాడు. చేతికొచ్చిన బంగారాన్ని పిరికితనంతో పోగొట్టాడని ఆయన మీద చాలా ఏళ్ళు కోపంగా ఉన్నాను.

గనులు మూతపడ్డాయి, నాన్నా పోయాడు. బతుకంతా బంగారం తవ్విన మనిషిని సొంత ఇంట్లో రాగి ముక్కకు వణికేట్టు చేసిన గని పెత్తందార్ల మీదికి ఆ కోపం మళ్ళింది. వాళ్ళలో ఒక్కరూ ఇప్పుడిక్కడ లేరు. ఎక్కడున్నారో వెతికి అడగడానికి నాకూ ఓపిక లేదు.