ఎవరూ ఇవ్వని తాళంచెవి

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను కాలువ మీద లస్కరును. వంతు ప్రకారం తూములు తెరిచి పొలాలకు నీళ్లు వదలడం నా పని. మా ఇంట్లో పొయ్యి వెలిగేది దానితోనే.

మా ఓవర్సీరు ఏ పనీ చేయమని చెప్పేవాడు కాదు. చెప్పకుండానే చేయించేవాడు. పట్టుకుందామంటే ఆయన మాటకు పిడి ఉండేది కాదు. ఒకరోజు పొద్దున్నే తూము తాళంచెవి నా చేతిలో పెట్టి, పెద్దరైతు మడివైపు చూసి నిట్టూర్చాడు.

"ఎండ శానా ఉండాదప్పా. పాపం, పెద్దాయన వరి వాడిపోతాండాది. నేను రెండు దినాలు కడపకు పోతాండా."

"ఆయన వంతు రాలేదు గదా సార్. తెరవమంటారా?"

"నేనేమన్నా అంటినా? ఎండ శానా ఉండాదంటి, అంతే."

తెరవనందుకు నాకు ముందున్న లస్కరు ఏమయ్యాడో నాకు తెలుసు. తెరిచాను.

దిగువ రైతుల వంతు నీళ్లు పెద్దరైతు మడిలోకి పోయాయి. వాళ్లు అర్జీ పెట్టారు. ఓవర్సీరు కడప నుంచి నేరుగా ఇంజనీరును వెంటబెట్టుకుని వచ్చాడు. కాలువ గట్టు మీదే విచారణ. జరిగింది జరిగినట్టు చెప్పాను. జన్మలో అంత నిజం ఒక్కసారిగా చెప్పి ఎరగను.

"తాళంచెవి నా పెట్టెలోనే ఉండాది సార్. వీనికి ఇయ్యనే లేదు. ఎట్ల తెరిచినాడో ఏమో" అన్నాడు ఓవర్సీరు, నా మీద జాలిపడుతున్నట్టు.

వెనకనుంచి ఒక రైతు అందుకున్నాడు. "ఈయప్ప మాట నమ్ముతారా సార్? పోయిన వానకాలం మొసలి వీపెక్కి కాలువ దాటినానని చెప్పె!"

"దానికి జొన్నరొట్టె పెట్టినానని గూడా చెప్పె" అన్నాడు ఇంకొకడు.

ఇంజనీరు కూడా నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మొసలి సంగతి అబద్ధమే, ఒప్పుకుంటాను. కానీ నలుగురు లస్కర్లుండగా తాళంచెవి నా చేతికే ఎందుకొచ్చిందో అప్పుడర్థమైంది. ఊరంతా నమ్మనివాణ్ణి చూసి మరీ ఎంచుకున్నాడు మహానుభావుడు.

ఆ సాయంత్రమే నన్ను పనిలోంచి తీసేశారు.

నాలుగో రోజు అదే తూము తెరిచి దిగువ రైతులకు నీళ్లు వదలాల్సి వచ్చింది. ఓవర్సీరు ఒక్కడే మా ఇంటికొచ్చాడు.

"ఆ తాళంచెవి ఇయ్యప్పా."

"ఏ తాళంచెవి సార్?"

"నేనిచ్చింది."

"మీరు ఇయ్యనే లేదంటిరి గదా. ఇయ్యనిది యాడనుంచి తెచ్చేది?"

పళ్లు కొరుక్కుంటూ పోయి, కమ్మరితో తాళం పగలగొట్టించాడు. కొత్త తాళం వేశారు, కొత్త లస్కరును పెట్టారు. నా పని మాత్రం తిరిగి రాలేదు.

ఆ తాళంచెవి ఇప్పటికీ మా ఇంటి గూట్లో ఉంది. ఈ సంగతి ఎవరికైనా చెప్పి, నమ్మరేమోనని దాన్ని తీసి చేతిలో పెడతాను. అటూ ఇటూ తిప్పి చూసి అడుగుతారు:

"ఇది మొసలి ఇంటిదేనా అప్పా?"