తియాన తెరిచిన కిటికీ

మా పోస్టాఫీసులో ఎదురెదురుగా రెండు కిటికీలున్నాయి. రెండూ ఒకేసారి తెరిస్తే ఆ గాలికి మధ్యన కూర్చున్నవాళ్లకి మెడ పట్టేస్తుందని, చెవిపోటొస్తుందని మా సెర్బియాలో చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతారు. నేనూ నమ్ముతాను. ఒకటి ఎలాగూ సరిగ్గా మూతపడదు. అందుకే ఆ చలికాలం తియాన రెండో కిటికీ తెరవడం పెద్ద గొడవైంది.

తియానకి ముప్పై నాలుగేళ్లు. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషనూ, ఆరు విడతల కీమో అయ్యాక, విగ్గుతో మళ్లీ పనిలో చేరింది. విగ్గు సంగతి అందరికీ తెలుసు, బాగుందని కూడా అన్నాం. తెలియనిది వేరే ఉంది. కీమోతో ఆమెకి నెలసరి ఆగిపోయింది. ఉన్నట్టుండి ఒళ్లంతా సెగలు పుట్టేవి. తనూ, భర్త ఓగ్న్యెన్ పిల్లల కోసం చూస్తున్నవాళ్లు. ఈ వయసులో అండాశయాలు మళ్లీ మేలుకోవచ్చు, ఏడాది ఆగి చూద్దాం, మాట మాత్రం ఇవ్వలేను అన్నాడట డాక్టరు.

తియాన తెరిచేది, పక్క కౌంటరు బిసెర్కా మూసేది. బిసెర్కాకి యాభై తొమ్మిది. నాలుగు నెలలు ఇదే వరస. చివరికి ఓ రోజు ఉత్తరాల మీద ముద్రలేస్తూ అడిగేసింది.

"నాకు యాభై రెండులో వచ్చిన సెగలు నీకిప్పుడే వచ్చాయా ఏంటే?"

"వచ్చాయి పిన్నీ."

 బిసెర్కా కుర్చీ గోడవారకి జరుపుకుని, మెడకి ఉన్ని గుడ్డ ఇంకో చుట్టు చుట్టుకుంది. ఆ తర్వాత కిటికీ జోలికి పోలేదు.

కీమో ముగిసిన పదో నెలలో, పార్సెళ్లకి జనం బారులు తీరిన ఓ మధ్యాహ్నం, తియాన బిసెర్కా చెవిలో ఏదో అడిగింది. అది వినపడని చెవి. అందుకని రెండోసారి కాస్త గట్టిగా అడిగింది.

"ప్యాడా? నా దగ్గరెక్కడిదే, ఏడేళ్లయింది," అంది బిసెర్కా. అద్దం దగ్గర మైకు ఆపెయ్యలేదు, వరసంతా విన్నారు.

వరసలో ఉన్న ఓ కాలేజీ పిల్ల సంచి వెతికి, అద్దం కింది సందులోంచి ఒకటి లోపలికి తోసింది. "దీనికి స్టాంపులక్కర్లేదండీ," అంది.

ఫోన్ చేస్తే డాక్టరు ఒక్క నెలకే సంబరపడొద్దన్నాడు. రక్తపరీక్ష చెయ్యాలి, ఇంకో మూడు నెలలు చూడాలి. ఆ మాట ఓగ్న్యెన్‌కి ఎలా చెప్పాలో దారంతా అనుకుంటూ తియాన ఇల్లు చేరింది. నెలసరి వచ్చిందన్న మొదటి ముక్క అప్పటికే బేకరీ దగ్గర ఎవరో అతనికి చెప్పేశారు.

"మూడు నెలలు ఆగాలంట," అంది.

"మనం ఆగుదాం," అన్నాడట అతను. "ఊరే ఆగేట్టు లేదు."