చిలుములోని ఓడ

బరంపురంలో కంచు గిన్నెల కొట్టున్న మా మావయ్య దగ్గర ఒక పాత కంచు నాణెం ఉండేది. ఏదో గ్రీకు రేవుపట్నానిదట. దాని మీది ఓడబొమ్మ చిలుము పట్టి కంటికి సరిగా ఆనేది కాదు. కొట్టుకు ఎవరొచ్చినా వాళ్ల బొటనవేలు పట్టుకుని నాణెం మీద రాసేవాడు.

"ఓడ తగిలిందేటి? ఆ సిలుములోనే ఉన్నాది. తోమితే ఓడే పోద్ది."

ఇంట్లో ఉన్న అత్తయ్యకు మాత్రం ఎప్పుడూ చూపించలేదు.

పక్షవాతంతో ఆయనకు మాట పడిపోయింది. నేను ఊళ్లోనే లంజిపల్లిలో ఉన్న వాళ్లింటికి వెళ్లిన రోజున అత్తయ్య ఆ నాణేన్ని చింతపండు, ఇటికపొడి వేసి తోమి తెచ్చి, ఆయన చేతిలో పెట్టింది.

"కొట్లోంచి తెప్పించినాను. ఎంత మకిలి పట్టేసిందో! ఇప్పుడు సూడండి, బంగారంలాగుంది."

కదిలే ఎడమచేతి బొటనవేలితో మావయ్య నాణేన్ని చాలాసేపు తడిమాడు. నావైపు చూశాడు. తర్వాత దాన్ని ఒళ్లో పెట్టుకుని, అత్తయ్య బొటనవేలు పట్టుకుని నాణెం మీద మెల్లగా రాశాడు.

"ఏటి? నున్నగుంది గదా!" అంది అత్తయ్య సంబరంగా.

ఆయన మళ్లీ రాశాడు.

మావయ్య పోయాక ఆ నాణెం అత్తయ్యే దాచుకుంది. ఆయన గుర్తొచ్చినప్పుడల్లా తీసి తోముతుంది.