చార్లీ సారు అరగంట

చార్లీ సారు ఏ మూతా వెంటనే తీయరు. అరగంట ఆగుతారు. సీసా కావచ్చు, డబ్బా కావచ్చు, పెళ్లి శుభలేఖ కావచ్చు. బయటినుంచి ఏది వచ్చినా ముందు బల్ల మీద పెట్టి, గడియారం చూసి, "11:10కి వచ్చింది, 11:40కి తెరవాలి" అని చీటీ రాసి అంటిస్తారు. ఇక బ్రహ్మరుద్రాదులు దిగివచ్చినా ఆ మూత కదలదు.

ఈ అలవాటుకు పునాది ఆయన నడిపే మా ల్యాబులోనే పడింది. పాశమైలారంలో మేం తయారుచేసేది ఒక పెప్టైడు. నాలుగే నాలుగు అమైనో ఆమ్లాలు పూసల్లా గుచ్చిన దండ. ముసలితనాన్ని వెనక్కి నెడుతుందేమోనని శాస్త్రవేత్తలు దాన్ని ఎలుకల మీద పరీక్షిస్తున్నారు. ఆరు వారాలు కష్టపడితే రెండు గ్రాముల తెల్లపొడి వస్తుంది. మైనస్ ఇరవై డిగ్రీల ఫ్రీజర్‌లో దాస్తాం. బయటికి తీశాక, సీసా గది వేడికి వచ్చేదాకా మూత తీయకూడదు. తీస్తే గాలిలో తేమంతా చల్లటి పొడికి పట్టి ముద్దయిపోతుంది. అందుకే అరగంట. ఈ నియమం పొడికి మాత్రమేనని మాకందరికీ తెలుసు. చార్లీ సారుకే ఎవరూ చెప్పినట్టు లేదు.

గేటు దగ్గర సెక్యూరిటీ ఓదెలుకు ఈ పొడి మీద మహా ఆశ.

"సార్, వయసు తగ్గే మందంట గదా. జెర ఒక్క చిటికెడు ఇయ్యరాదు? మా ఇంటామె నన్ను తాత అంటున్నది."

"ఎలుకలకే ఇంకా తేలలే ఓదెలూ. ముందుగాల మీసాలకు రంగేసుకో."

"రంగు డబ్బా నిన్ననే కొన్న సార్."

"తెరిచినవా?"

"కొనంగనే తెరిచిన."

సారు ముఖం మాడిపోయింది. ఆ వారమంతా ఓదెలు మీసాల వంక జాలిగా చూశారు.

ఓసారి క్రిస్మస్‌కు పటేల్‌గూడలో వాళ్లింటికి పిలిచారు. నేను ఫ్యామిలీ ప్యాక్ ఐస్‌క్రీమ్ పట్టుకెళ్లాను. సారు దాన్ని అందుకుని, టీపాయ్ మీద పెట్టి, చీటీ అంటించారు. పిల్లలు చుట్టూ చేరి కళ్లప్పగించి కూర్చున్నారు. అరగంట తర్వాత అందరం గ్లాసుల్లో పోసుకుని తాగాం.

"గీనెతోని ఇరవై ఎనిమిదేండ్ల సంది ఏగుతున్న," అన్నారు సారు భార్య ఎల్సీ గారు. "మా తమ్ముడు ఏసీ బస్సుల దిగొస్తె అరగంట వరండల కూసోబెట్టిండు. మనిషి అనుకున్నడా, సీసా అనుకున్నడా?"

"లోపల ఉక్కపోత ఎల్సీ. సల్లటి మనిషికి చెమట పడ్తది గదా," అన్నారు సారు.

నవ్వేవాళ్లం గానీ, నిజం చెప్పొద్దూ, నాకు ఆయనంటే భయంతో కూడిన గౌరవం. ఇన్నేళ్లలో ఆయన చేతిలో ఒక్క సీసా చెడలేదు. ముప్పై నిమిషాలు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, సీసా ఎదురుగా కదలకుండా కూర్చునేవారు. లోకమంతా వయసును ఆపాలని పరుగులు తీస్తుంటే, ఆ మందు తయారుచేసే మనిషి తన ఆయుష్షులోంచి రోజూ ఇన్ని అరగంటలు తీసి పారేస్తున్నాడే అని ఆశ్చర్యపోయేవాణ్ణి.

పోయిన జూలైలో శ్రావ్య సీసా తెరిచింది.

శ్రావ్య మా ల్యాబులో కొత్తగా చేరిన పిల్ల. ప్రొబేషన్ ముగియడానికి ఇంకా పన్నెండు రోజులుంది. ఇస్నాపూర్‌లో కిరాయి గదిలో తల్లితో ఉంటోంది, ఇద్దరికీ ఆ ఉద్యోగమే ఆధారం. ఆ రోజు ఢిల్లీ నుంచి అతిథులొచ్చారు. చార్లీ సారు గోడౌన్‌లో ఉన్నారు. "పొడి చూపించండి, త్వరగా" అంటూ డైరెక్టరు నరసరాజు గారు ఫోను మీద ఫోను. పిల్ల కంగారుపడి, ఫ్రీజర్‌లోంచి తీసిన ఐదు నిమిషాలకే మూత తిప్పేసింది. బయట ముసురు. అతిథుల కళ్ల ముందే ఆరు వారాల పొడి తడిసిన సున్నంలా ముద్దకట్టింది.

మూడు గంటల ఐదు నిమిషాలకు నరసరాజు గారు కవరుతో వచ్చారు. అప్పటికి సారు కూడా తిరిగొచ్చారు.

"చార్లీ గారూ, ఇది ఆ అమ్మాయి చేతికిచ్చి ఇప్పుడే ఇంటికి పంపించెయ్యండి!"

సారు కవరును చేత్తో తడిమి చూశారు. "పక్కా ఇస్త సార్. గని మీ గదిల ఏసీ పదహారు మీదుంటది. కవరు మస్తు సల్లగున్నది. అరగంట..."

"అందులో పొడి లేదండీ బాబూ!"

"కాయితం గూడ తేమ గుంజుతది సార్."

నరసరాజు గారు పళ్లు నూరుకుంటూ వెళ్లిపోయారు. సారు తాపీగా చీటీ అంటించారు: 3:05కి వచ్చింది, 3:35కి తెరవాలి.

"సార్, గా కవర్ల ఏమున్నదో నాకెరుకే," అంది శ్రావ్య, ముక్కు తుడుచుకుంటూ.

"నాకెరుక లేదు బిడ్డా. తెరువలే గదా. ఏడుపు తర్వాత. ముందుగాల ఆ ముద్దల నుంచి ఇంత నమూనా తియ్యి."

మా యంత్రంలో ఒక పరీక్షకు సరిగ్గా ఇరవై నిమిషాలు పడుతుంది. ముగ్గురం తెర ముందు కూర్చున్నాం. దండ తెగి ఉంటే తెరమీద చిన్నాపెద్దా శిఖరాలు బోలెడు లేస్తాయి. ఒక్కటే లేచింది, నిటారుగా. పెప్టైడు చెడలేదు, నీళ్లు పట్టిందంతే. మళ్లీ కరిగించి ఎండబెడితే చాలు.

మూడూ ముప్పై మూడుకు ఫోను మోగింది. సారు స్పీకరు నొక్కారు.

"చార్లీ గారూ, ఆ కవరు ఇచ్చేశారా?" నరసరాజు గారి గొంతు బాగా దిగింది.

"ఇంక రెండు నిమిషాలున్నది సార్."

"ఇవ్వకండి. అంత తొందరపెట్టింది నేనే కదా... మరి పొడి?"

"మంచిగనే ఉన్నది సార్. మూడు రోజులల్ల ఎండుతది."

"అమ్మయ్య. ఆ అమ్మాయికి మళ్లీ ఒకసారి నేర్పండి."

శ్రావ్య ఈసారి బాహాటంగా ఏడ్చింది. సారు కవరు నా చేతికిచ్చి, "కింది సొరుగుల ఏస్తవా ప్రవీణూ," అన్నారు.

సొరుగు లాగాను. అందులో కవర్లున్నాయి, పదకొండు. ఒక్కటీ తెరవలేదు. ప్రతిదాని మీదా సారు చీటీ, వచ్చిన సమయం, తెరవాల్సిన సమయం. పేర్లు చూస్తే, వీళ్లలో సగంమంది ఇప్పటికీ మాతోనే పనిచేస్తున్నారు. ఒకాయన ఏకంగా మేనేజరు. అడుగున ఉన్న కవరు మీద పేరు: ప్రవీణ్‌కుమార్. తొమ్మిదేళ్ల కిందటి తేదీ. ఆ నెలలోనే నేను ఫ్రీజర్ తలుపు సరిగా వేయకుండా భోజనానికి వెళ్లాను. డైరెక్టరు గమనించలేదని ఇన్నాళ్లూ నా ధీమా.

ఈ మనిషి సీసాల కోసం ఆగుతున్నాడని నవ్వాను, అందరికీ చెప్పి నవ్వించాను కూడా.

"సార్... ఇది నాది."

"అవు, నీదే."

"తెరవనా?"

చార్లీ సారు గడియారం చూసుకున్నారు. "నీ చేతికి ఇప్పుడే గద వచ్చింది. అరగంట ఆగు."

ఆగాను. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, కవరు ఎదురుగా, ముప్పై నిమిషాలూ కదలకుండా కూర్చున్నాను. సమయం కాగానే లేచి, దాన్ని మళ్లీ సొరుగులో వేసి, శ్రావ్యకు చాయ్ తెద్దామని క్యాంటీన్‌కు వెళ్లాను.