మంటని దాచొద్దన్న ఆవిడ

నేను చెన్నైలో ఉద్యోగానికి చేరిన కొత్త. పురసవాక్కం వెళ్ళే బస్సులో కూర్చుని, మూత్రానికి వెళ్ళినప్పుడల్లా మంటగా ఉందని, కొంచెం కొంచెంగా పదిసార్లు వెళ్ళాల్సి వస్తోందని ఫోన్లో అక్కకి చెప్పాను. వేడి చేసి ఉంటుంది, మజ్జిగ తాగమంది అక్క.

ఫోన్ పెట్టగానే పక్క సీట్లోని పెద్దావిడ నావైపు తిరిగింది.

"జొరముందామ్మా? నడుం పక్కన నొప్పి?"

"రెండూ ఉన్నాయండీ. పొద్దున చలితో వణికాను."

"అట్టయితే ఇది వేడి కాదు. ముప్పై ఏండ్లు నర్సుగా చేసినాను, నాకు తెలుసు. ఈడనే దిగి డాక్టరమ్మకి చూపిద్దాం, రా. మూత్రం పరీక్ష చేస్తారు. మంట తగ్గిపోయినా ఇచ్చిన మాత్రలన్నీ మింగాల, సగంలో నిలపొద్దు. సరేనా? సిగ్గుపడేదానికి ఏముంది ఇందులో?"

తన స్టాపు ఇంకా చాలా దూరం. అయినా నా చెయ్యి పట్టుకుని దిగి, క్లినిక్ దాకా వచ్చి, నన్ను లోపలికి పిలిచేవరకూ కూర్చుంది.

ఇన్ఫెక్షన్ కిడ్నీదాకా పాకిందని, సమయానికే వచ్చానని డాక్టరు చెప్పింది. మూడోరోజుకే మంట పోయింది. మాత్రలు మాత్రం చివరిదాకా వేసుకున్నాను.

ఆవిడ పేరైనా అడగలేదు. మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఇదే బాధ చెప్పుకుంటే, చేస్తున్న పని ఆపి తనతోపాటు డాక్టరు దగ్గరికి వెళ్ళాను.