కట్టేసే పిన్ని

వెలుగుతున్న లైటును గానీ తిరుగుతున్న ఫ్యానును గానీ చూస్తే మా పిన్ని చెయ్యి ఊరుకోదు. తిన్నగా స్విచ్చు మీదికి పోతుంది. మనిల్లా, పరాయిల్లా, ఆఫీసా, ఆసుపత్రా అన్న పట్టింపు ఆ చేతికి లేదు. అందుకే మా బిల్డింగులో చిన్నా పెద్దా అందరూ ఆవిణ్ణి 'కట్టేసే పిన్ని' అంటారు.

మా కింది అంతస్తులోనే పిన్నీ బాబాయ్ ఉంటారు. బాబాయ్ స్నానం చేసినంతసేపూ పాడుతూనే ఉంటాడు. కొత్తగా వచ్చినవాళ్లు ఆయనకు సంగీతమంటే ప్రాణమనుకుంటారు. ప్రాణమూ లేదు, పాడూ లేదు. పాట ఆగిందంటే లోపల ఎవరూ లేరనుకుని పిన్ని లైటు కట్టేస్తుంది. జలుబు చేసి గొంతు పూడుకుపోయినప్పుడు పాపం ఆయన చీకట్లోనే స్నానం చేసి, బట్టల సబ్బు వాసనతో బయటికి వచ్చేవాడు.

మా పై అంతస్తులో ఉండే పళ్ల డాక్టరుగారి క్లినిక్కు ఎదురు వీధిలోనే ఉంది. పన్ను నొప్పని పిన్ని ఒకసారి అక్కడికి వెళ్లింది. ఆయన ఆవిడ నోట్లోకి లైటు వేసి, చేతి తొడుగులు వేసుకుందామని అటు తిరిగాడో లేదో, గది చీకటైపోయింది.

"కరెంటు పోయిందా?" అన్నాడాయన.

"లేదు నాయనా. నువ్వు చూడట్లేదు కదా, ఉత్తినే ఎందుకని."

ఇంత జరిగినా ఆయన సరైన పన్నే పీకాడు. అది ఆయన గొప్పతనం.

ఇక నా సంగతి. నేను ఈ బిల్డింగు సంఘానికి సెక్రటరీని. నన్నెవరూ ఎన్నుకోలేదు. ఆ పని ఎవరు చేస్తారని అడిగినప్పుడు అందరూ చేతులు దించేసుకున్నారు, నాకు మాత్రం తుమ్ము వచ్చి చెయ్యి పైకి లేచింది. ఆనాటినుంచీ నీళ్లు రాకపోయినా, లిఫ్టు ఆగిపోయినా, పక్కింటి కుక్క మొరిగినా నా ఫోనే మోగుతుంది. ఫోను మోగితే గుండె దడ రావడం మానేసి చాలాకాలమైంది. ఇప్పుడు నిట్టూర్పు ఒక్కటే వస్తుంది.

ఉన్న బాధలు చాలవన్నట్టు బిల్డింగులోకి కరెంటు కార్లు దిగాయి. ముందు డాక్టరుగారు కొన్నారు. ఆయన కొన్నారని బ్యాంకాయన కొన్నాడు. ఆయన కొన్నాడని ఆయనతో మాటల్లేని ఎదురు ఫ్లాటాయన ఇంకాస్త పెద్దది కొన్నాడు. ఎవరికి వాళ్లు తమ మీటరునుంచి సెల్లార్లోకి వైర్లు లాగారు. సాయంత్రం అందరూ ఇళ్లకు చేరి ప్లగ్గులు పెట్టేసరికి మెయిన్ పడిపోయేది. లిఫ్టు మధ్యలో ఆగేది. లిఫ్టులో ఉన్నవాళ్లు నాకు ఫోన్ చేసేవాళ్లు.

కరెంటాఫీసువాళ్లను అడిగితే, ఇంత లోడు కావాలంటే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ వేయించుకోవాలన్నారు. మీటింగులో ఆ ఖర్చు వినగానే బ్యాంకాయనంతటివాడు కుర్చీలో కూలబడ్డాడు. "ఇంటికింత అని సమానంగా పంచేద్దాం" అన్నాడు ఎదురు ఫ్లాటాయన. ఎవరూ కాదనలేదు. నేను మాత్రం వెనక వరసలో నిలబడ్డ టాక్సీ అమ్మాయి మొహం చూశాను.

ఆ అమ్మాయి, వాళ్లమ్మ కింద వాటర్ పంపు పక్కనున్న చిన్న పోర్షన్లో అద్దెకుంటున్నారు. అప్పు చేసి కరెంటు కారు కొనుక్కుని టాక్సీగా తిప్పుతోంది. బయట స్టేషన్లో ఛార్జింగ్ పెట్టించుకుంటే రోజు సంపాదనలో సగం అక్కడే పోతుంది. మీటింగయ్యాక నా దగ్గరికి వచ్చి, "సెక్రటరీగారూ, అంత వాటా మా వల్ల కాదండీ. ఇల్లు చూసుకుంటాం" అంది నెమ్మదిగా. చూద్దాంలేమ్మా అన్నాను. సెక్రటరీలు అనే మాట అదే.

ట్రాన్స్‌ఫార్మర్ వచ్చేదాకా సొంత వైర్లు పీకేసి, సెల్లార్ గోడకి మూడు పాయింట్లు పెట్టించాం. అందరూ వంతులవారీగా వాడుకోవాలి, వాడుకున్నంతకే ఇచ్చుకోవాలి అన్నాం. వంతులన్న మాట కాగితం మీదే ఉండిపోయింది. ముందొచ్చినవాడు ప్లగ్గు పెట్టి పైకెళ్లిపోయేవాడు, మళ్లీ పొద్దున్నే దిగేవాడు. టాక్సీ అమ్మాయి చివరి ట్రిప్పు దించి వచ్చేసరికి గోడ నిండా ఇతరుల ప్లగ్గులే. తీయమని అడిగే నోరు ఆ పిల్లకి లేదు. మళ్లీ బయటి స్టేషనే గతి.

తర్వాత కొన్నాళ్లకి ఫిర్యాదులు మొదలయ్యాయి. పొద్దున చూసుకుంటే ఎవరి కారూ పూర్తిగా నిండటం లేదు. ఎవరో ప్లగ్గు పీకేస్తున్నారు. ఎవరోనన్నది మాటవరసకే, అందరికీ తెలుసు. ఒక రాత్రి అన్నాల వేళకి డాక్టరుగారు సరాసరి మా ఇంటికి వచ్చారు.

"మీ పిన్నిగారు నా కారు పాయింటు కట్టేస్తున్నారండీ!"

"ఎంత ఛార్జి ఉంది డాక్టరుగారూ?"

"ఎంతుంటే ఏం! నిండలేదు."

"మరి క్లినిక్కుకి వెళ్లగలిగారా?"

"ఎందుకు వెళ్లలేను? ఎదురు వీధేగా." ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆయనకే బాగుండక ఇంకాస్త కోపం తెచ్చుకున్నారు. "అదంతా నాకు తెలీదు. ఆవిడ అన్నిటినీ కట్టేస్తున్నారు, మీరు ఆవిణ్ణి కట్టేయండి!"

నీరసంగా లేచాను. ఆయన్ని సోఫాలో వదిలి సెల్లార్లోకి దిగితే, స్తంభం పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని మోకాలు రాసుకుంటోంది పిన్ని. ఆవిడ లిఫ్టెక్కదు. ఒక్క మనిషి కోసం అంత కరెంటు దండగంటుంది. నా కళ్లముందే లేచి, డాక్టరుగారి స్విచ్చు టక్కున కట్టేసి, ప్లగ్గు పీకి, వైరు చుట్టచుట్టి ఆయన కారు మీద పెట్టింది. అక్కడితో ఆగితే అది పాత అలవాటే అనుకునేవాణ్ణి. పంపు పక్కనున్న టాక్సీనుంచి వైరు లాక్కొచ్చి, ఆ పాయింట్లోనే పెట్టి, స్విచ్చు వేసింది.

మా పిన్ని స్విచ్చు వెయ్యడం పుట్టి బుద్ధెరిగాక నేను చూడలేదు.

"ఏంటి పిన్నీ ఇది?"

ఉలిక్కిపడింది. "నువ్వట్రా? హడలిపోయాను. మెల్లగా మాట్లాడు, ఆ పిల్ల ఇప్పుడే అన్నానికి కూర్చుంది."

"ఆ అమ్మాయి పెట్టమందా?"

"అదెందుకంటుంది! దానికి నిజం తెలిస్తే వచ్చి పీకేస్తుంది. డాక్టరే పెట్టించాడని చెప్పాను."

"డాక్టరుగారు మా ఇంట్లో కూర్చుని కేకలేస్తున్నారు."

"వెయ్యనీ. రేపు ఎదురు వీధికి పోయే కారుకి నిండా ఎందుకురా? కడుపు నిండినవాడికే మళ్లీ మళ్లీ వడ్డిస్తామా? ఇది తెల్లారకుండానే ఎయిర్‌పోర్టుకి పోవాలి."

"ఆ మాటే మీటింగులో చెప్పొచ్చుగా?"

పిన్ని నన్ను జాలిగా చూసింది. "చెప్తే అందరూ ఆ పిల్ల మీద పడతారు. ఇల్లు ఖాళీ చెయ్యమంటారు. నేనైతే ఏముంది? ముసల్దానికి చాదస్తం, కనబడ్డదల్లా కట్టేస్తుందని ఊరుకుంటారు. ఇన్నేళ్ల చాదస్తం, ఒక్కరికైనా పనికి రావద్దూ?"

చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాను. డాక్టరుగారు ఇంకా మా సోఫాలోనే ఉన్నారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కారు తాళాలు జేబులో పెట్టుకుని లేచారు. "నేనే పెట్టించానని చెప్పారా?" అని మాత్రం అడిగి వెళ్లిపోయారు.

ఆ తర్వాత కరెంటాఫీసు ఇంజనీరు ట్రాన్స్‌ఫార్మర్ కోసం లోడు చూడ్డానికి వచ్చాడు. మీటరు రీడింగులు తిరగేసి ఆశ్చర్యపోయాడు. "ఇన్ని కార్లుండి, ఈమధ్య మెయిన్ ఒక్కసారీ పడలేదా? అన్నీ ఒక్కసారి కాకుండా ఒకదాని తర్వాత ఒకటి ఛార్జి అవుతున్నాయే! ఇలా అయితే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ మీకక్కర్లేదు. ఇంకో రెండు పాయింట్లు పెట్టుకున్నా సరిపోతుంది. ఇంతకీ ఏ మిషను పెట్టించారు?"

"మిషను కాదండీ, మా పిన్ని. ఒకటి కట్టేస్తే గానీ ఇంకోటి వెయ్యదు" అన్నాను.

ఆ సాయంత్రం మీటింగులో బ్యాంకాయన ట్రాన్స్‌ఫార్మర్ మాట ఎత్తబోతుంటే, డాక్టరుగారు లేచారు. "వద్దండీ. రేపు ఎవరికెంత దూరముందో అంతే ఛార్జి పెట్టుకుందాం. వాడుకున్నంతకే ఇచ్చుకుందాం. ఇంటికింత అన్న వాటా ఎత్తేద్దాం. నాకు రేపు ఎదురు వీధే, నా వంతు ఆ టాక్సీ అమ్మాయికివ్వండి." ఎదురు ఫ్లాటాయన ఏదో అనబోయాడు. డాక్టరుగారు ఆయన పళ్లవైపు నిదానంగా చూశారు. ఆయన నోరు మూసుకున్నాడు.

వంతులు చూసే పని అందరూ కలిసి పిన్నికి అప్పగించారు. నాకు విశ్రాంతి దొరుకుతుందనుకున్నాను. ఏం విశ్రాంతి! ప్రతి సాయంత్రం పిన్ని వాకిలి ముందు బిల్డింగంతా నిలబడి రేపటి ప్రయాణాలు విన్నవించుకుంటోంది. ఆవిడ ఊరికే వింటుందా? "నువ్వూ బ్యాంకు వైపే, అతనూ బ్యాంకు వైపే. రెండు కార్లెందుకు?" అని మాటల్లేని ఇద్దర్నీ ఒకే కారులో కూర్చోబెట్టింది. దారిలో ఇప్పుడు బాగానే పోట్లాడుకుంటున్నారట. మాటలైతే కలిశాయి. ఆ పోట్లాట తీర్పులకు మళ్లీ నా ఫోనే మోగుతోంది.

మొన్న టాక్సీ అమ్మాయి కూడా వచ్చి నిలబడింది. "పిన్నిగారూ, రేపు నాకు సెలవు. కానీ నిండా ఛార్జి కావాలి."

"సెలవైతే నిండా ఎందుకే?"

"మిమ్మల్నీ బాబాయ్‌గారినీ తిప్పుదామని."

"ఎక్కడికి?"

"మీరెక్కడికంటే అక్కడికి."

అందరి ప్రయాణాలూ అడిగే పిన్ని, తనను ఎవరో అడిగేసరికి తెల్లబోయింది. ఆ అమ్మాయిని అక్కడే నిలబెట్టి, మోకాలు పట్టుకుంటూ మా అంతస్తుదాకా ఎక్కి తలుపు కొట్టింది.

"ఒరేయ్, నువ్వు సెక్రటరీవి కదా. మేమెక్కడికెళ్తే బాగుంటుందిరా?"

ఎన్నో ఏళ్ల తర్వాత, నిట్టూర్చకుండా లేచి, ఆవిడకి కుర్చీ వేశాను.