కొరమీను తేలిన పొద్దు

నాకు కోపం ఎక్కువ. పుట్టింట్లో ఉన్నప్పటి నుంచీ ఆ పేరు ఉంది, దాచుకోను. కోపం వల్ల నేను పోగొట్టుకున్నదే ఎక్కువ. ఆ ఒక్క రోజు మాత్రం అది లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది.

మాది ఆత్మకూరు దగ్గర పెన్న ఒడ్డు. మా నాయన వల వేసి బతికినవాడు. నన్ను వరికుంటపాడు పక్కన మెట్ట ఊరికి ఇచ్చారు. అక్కడ ఏరు లేదు, ఉన్నది ఒక్క చెరువే. వానలు బాగా పడితే కలుజు మీదుగా పొర్లుతుంది, లేకపోతే మార్చికల్లా అడుగు కనిపిస్తుంది. ఎంత ఎండినా తూము ముందున్న మడుగులో మాత్రం నీళ్లు నిలుస్తాయి. ఆ మడుగులో ఎవరూ వల వేయకూడదు, గాలం వేయకూడదు. అది ఊరి కట్టుబాటు. కొత్త నీళ్లు వచ్చాక చెరువంతా మళ్లీ చేపలతో నిండాలంటే తల్లి చేపలు అక్కడ బతికుండాలి. చర్చికి పోయేవాళ్లూ గుడికి పోయేవాళ్లూ అన్నిటికీ కీచులాడుకునేవాళ్లు గానీ, ఈ మాట మీద మాత్రం అందరూ ఒకటే.

తొంభైల నడుమ ఒక ఏడు వానలు ఎగ్గొట్టాయి. ఏప్రిల్‌లో ఒక పొద్దున ఊరంతా చెరువు వైపు పరుగు. మడుగులో చేపలు పొట్టలు పైకి పెట్టి తేలాయట. వేసవిలో నీళ్లు కాగి, గాలి అందక చేపలు తేలడం మామూలే. తనంతట తాను తేలిన చేపను తీసుకోవచ్చు, దానికి కట్టుబాటు అడ్డం రాదు. అందుకే బుట్టలు, గంపలు, చివరికి చీర కొంగులు కూడా నిండుతున్నాయి.

మా అత్త గంపెడు చేపలు తెచ్చి నట్టింట దించింది. జెల్లలు, పక్కెలు, బొచ్చెలు. వాటి కింద మోచేతి పొడవు కొరమీను. చచ్చి ఉంది.

కొరమీను మిగతా చేపల్లాంటిది కాదు. నీళ్ల పైకి వచ్చి నోటితో గాలి పీల్చుకుంటుంది. నీళ్లు అయిపోయినా బురదలో దూరి బతుకుతుంది. బజారులో తడి గోనెపట్టా మీద మధ్యాహ్నం దాకా కొట్టుకుంటూనే ఉంటుంది. ఎండకు చేపలన్నీ తేలినా కొరమీను తేలదు. అది తేలిందంటే నీళ్లలో పురుగుమందు కలిసినట్టే. మా నాయన నాకు చెప్పిన మొదటి పాఠం ఇదే.

“అత్తా, ఇది ఎండకు తేలింది కాదు. ఎవురో మందు పోసినారు. ఒండబాక,” అన్నాను.

“ఏటొడ్డు దానివి, మా చెరువు సంగతి నీకేం తెలుసు? ఊరంతా తెచ్చుకుంటా ఉండాది. వాళ్లందరూ ఎర్రోళ్లా?” అంది.

చేపపిల్లకు ఈత నేర్పుతోంది మా అత్త. నేను వీధిలోకి పోయాను. ఎదురింట్లో చెప్పాను, పక్కింట్లో చెప్పాను. చేపలు తోముతున్న ఆడవాళ్లు తల కూడా ఎత్తలేదు. “వచ్చినప్పటి నుంచీ మా చెరువుకు వంక పెడతానే ఉండావు,” అంది ఒకామె. కరువు ఏడు, నెలల తర్వాత ఇంట్లోకి కూర వచ్చింది. వాళ్లను తప్పు పట్టలేను. అయినా ఒళ్లు మండింది.

తిరిగి వచ్చేసరికి పులుసు పొయ్యి మీద ఉడుకుతోంది. మా నాలుగేళ్ల పాప కంచం ముందేసుకుని కూర్చుంది. మా ఆయన గోడకు ఆనుకుని బీడీ కాలుస్తున్నాడు. చేపల పులుసంటే పడిచచ్చే మనిషి. అత్త అన్నానికి పిలిస్తే, “నాకొద్దు, కడుపులో బాగలేదు” అన్నాడు. ఆ వెంటనే, “పాపకు కూడా పెట్టబాకమ్మా, ముళ్లుంటాయి” అన్నాడు.

ముళ్లట! ముళ్లు తక్కువని పసిపిల్లలకు ఏరి పెట్టేదే కొరమీను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది. నేను అతని మొహం చూశాను. అతను నా మొహం చూడలేదు.

పులుసు దాకను ఒక్క తన్ను తన్నాను. కాలు కాలింది, పొయ్యి ఆరింది. అత్త శాపనార్థాలు మొదలుపెట్టింది. నేను అతని చెయ్యి పట్టుకుని దొడ్లోకి లాక్కుపోయాను.

“నువ్వేనా?”

“పత్తిచేనుకు కొట్టంగా అడుగున మిగిలిన మందు. రొంత పోసినా. పెద్దవి రెండు మత్తుగా పైకొస్తే పట్టుకుందామనుకున్నా. ఇట్ట అన్నీ పోతాయనుకోలేదు” అన్నాడు.

“పోయి చెప్పు.”

“చెప్తే నన్ను బతకనిస్తారా?”

“చెప్పకపోతే వాళ్లు బతుకుతారా? నేను చెప్తే ఇనడం లేదు. పోసినోడివి నువ్వు చెప్తే ఇంటారు.”

కదలలేదు. వీధిలో నుంచి తాలింపు వాసన వస్తోంది. ఏ ఇంట్లో ముందు ముద్ద నోట్లో పెడతారో.

“నువ్వు పోకపోతే నేనే పోయి నీ పేరు చెప్తా. ఆ తర్వాత ఈ ఇంట్లో ఉండను,” అన్నాను. ఉత్త బెదిరింపు కాదు, నిజంగానే అన్నాను.

అతను చర్చి దగ్గరికి పోయి గంట తాడు లాగడం మొదలుపెట్టాడు. పనిదినం మధ్యాహ్నం గంట మోగితే ఎవరో పోయారనే అనుకుంటారు. చేతుల్లో గరిటెలతోనే జనం వచ్చారు. “మడుగులో పత్తి మందు పోసింది నేనే. ఎవురూ తినబాకండి,” అన్నాడు. రెండోసారి గట్టిగా చెప్పాడు.

ఎవరూ చెయ్యి చేసుకోలేదు. అందరూ ఇళ్లకు పరుగెత్తి దాకలు వీధి కాలువలో బోర్లించారు. అప్పటికే రెండిళ్లలో తినేశారు. వాళ్లను జీపులో ఉదయగిరి ఆసుపత్రికి తీసుకుపోయారు. దేవుడి దయ, బతికి వచ్చారు. గొడ్లు దిగకుండా మడుగు చుట్టూ కంప వేశారు. తల్లి చేప ఒక్కటి కూడా మిగల్లేదు. ఆ తర్వాత రెండేళ్లు చెరువు నిండినా నీళ్లే, చేప లేదు.

కాలువలో పడ్డ కూర సంగతి ఆ గొడవలో ఎవరికీ తట్టలేదు. సాయంత్రానికి వీధి కుక్కలు కాళ్లు కొట్టుకుంటూ పడిపోయాయి. మా గడప దగ్గర పడుకునే కుక్క కూడా. అందరూ అరుగుల మీద నిలబడి చూశారు. మా అత్త పాపను చంకనెత్తుకుని నా పక్కన నిలబడింది.

అతను కుక్కల్ని ఒక్కొక్కటే గోనెసంచిలో వేసుకుని, ఎండిన చెరువులోకి మోసుకుపోయి గుంట తీసి పూడ్చాడు. పొద్దుగూకేదాకా తిరుగుతూనే ఉన్నాడు. ఊరంతా చూస్తోంది గానీ పార పట్టుకుని ఎవరూ పోలేదు. నేను కూడా పోలేదు.